సింహం ముందు హైనాలు: గ్రూప్ ప్రాజెక్ట్‌లో మార్కులు ఎవరికి?



ప్రతి టర్మ్ పేరెంట్-టీచర్ మీటింగ్‌లోనూ నాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, చార్టు మా పాపే గీసింది, థర్మోకోల్ మోడల్ మా పాపే చేసింది, రాత్రి పదకొండు దాకా కూర్చుంది. మిగతా నలుగురూ పేర్లు రాసుకున్నారు, అంతే. మార్కులు మాత్రం ఐదుగురికీ ఒకటే. ఇదెక్కడి న్యాయం?" అడిగేవారిలో చాలామంది గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో టీమ్‌లు నడిపేవారే. అప్రైజల్ సీజన్‌లో ఇదే ప్రశ్న వాళ్ల దగ్గరికీ వస్తుందని నవ్వుతూ ఒప్పుకుంటారు కూడా.

పని కొందరు చేసి, ఫలం అందరూ పంచుకునే చోట ఎవరైనా ముందుకు ఎందుకు రావాలి? జీవశాస్త్రంలో ఇది చాలా పాత, చాలా గట్టి ప్రశ్న. దీనికి ఇటీవల దొరికిన మంచి సమాధానాల్లో ఒకటి కెన్యాలోని మసాయి మారా గడ్డిమైదానాల నుంచి వచ్చింది. అక్కడ ప్రాజెక్ట్ పేరు సింహాన్ని తరమడం. గ్రూప్ మెంబర్లు హైనాలు. మార్కులు తగ్గితే పోయేది ప్రాణం.

హైనా అనగానే మీ పిల్లలకు గుర్తొచ్చేది "ద లయన్ కింగ్" అని నాకు తెలుసు. 2019లో తెలుగులో నాని సింబాకు, జగపతిబాబు స్కార్‌కు గొంతు ఇచ్చిన సినిమా. చాలా ఇళ్లలో అది ఇప్పటికీ సెలవురోజు కాలక్షేపం. అందులో సింహాలు రాజులు, హైనాలు ఎంగిలి కూటి కోసం తిరిగే దొంగలు. మా ఏడో తరగతిలో గట్టిగా నవ్వే పిల్ల ఎవరైనా ఉంటే "హైనా" అని పేరు పెట్టేస్తారు. అందుకే క్లాసులో ఈ పాఠం మొదలుపెట్టేటప్పుడు మూడు అపోహలు ముందే తీసేస్తాను. హైనా కుక్క జాతి కాదు. చూడటానికి కుక్కలా ఉన్నా, వంశవృక్షంలో పిల్లులకు, ముంగిసలకు దగ్గర చుట్టం. ఆ "నవ్వు" నవ్వు కాదు. తిండి దగ్గర తనకంటే పెద్దది తరుముతున్నప్పుడు, ఒత్తిడిలో ఉన్నప్పుడు అది పెట్టే అరుపు. మూడోది, ఆఫ్రికా చుక్కల హైనా ముఖ్యంగా వేటగత్తె. తాను తినేదాంట్లో ఎక్కువ భాగం తానే వేటాడుకుంటుంది.

దొంగ ఎవరన్న విషయం 1960లలోనే తేలిపోయింది. హాన్స్ క్రూక్ అనే డచ్ శాస్త్రవేత్త టాంజానియాలోని ఎన్‌గొరొంగొరోలో రాత్రిళ్లు జీపులో హైనాల వెంట తిరిగాడు. అప్పటిదాకా సందర్శకులు తెల్లవారుజామున చూసేది ఒకటే దృశ్యం: మధ్యలో తింటున్న సింహం, చుట్టూ కాచుకుని కూర్చున్న హైనాలు. చూసినవాళ్లు సింహం వేటాడిందనీ, హైనాలు ఎంగిలి కోసం వచ్చాయనీ అనుకునేవారు. క్రూక్ చీకట్లో చూసింది వేరు. ఒకే కళేబరం దగ్గర రెండూ కనిపించిన సందర్భాల్లో సగానికి పైగా వేటాడింది హైనాలే. వాటి గోల విని సింహాలు వచ్చి లాక్కున్నాయి. తెల్లారేసరికి కథ తిరగబడి కనిపించేది.

ఇక బలాబలాలు చూడండి. పెద్ద హైనా బరువు 50 నుంచి 70 కిలోల దాకా ఉంటుంది. ఆడసింహం దానికి రెట్టింపు, మగసింహం మూడింతలు. హైనా దవడలు ఎముకను పిండి చేయగలవు కానీ సింహానికి పంజా కూడా ఉంది. ఒంటరి హైనా సింహం చేతికి చిక్కితే బతకదు. హైనాల సహజ మరణాల్లో సింహాలు చంపేవే పెద్ద వాటా. పైగా సింహాలు వాటిని చంపినా సాధారణంగా తినవు, అక్కడే పడేసి పోతాయి. ఆకలితో చేసే పని కాదది, పోటీదారును తగ్గించుకోవడం.

అయినా హైనాలు సింహాల మీదికి వెళ్తాయి. ఎలా వెళ్తాయన్నది చూడాల్సిన విషయం. ఒకదాని భుజానికి ఒకటి ఆనించినట్టు దగ్గరగా గుమికూడతాయి. తోక వెంట్రుకలు నిక్కబొడుచుకుని, తోకలు వీపు మీదికి లేస్తాయి. ఒక్క ముద్దలా, అరుచుకుంటూ, సింహానికి పది మీటర్ల లోపలికి వస్తాయి. సింహం ఒక హైనా వైపు తిరిగితే వెనక నుంచి మరొకటి వస్తుంది. ఏ ఒక్క హైనా కూడా సింహాన్ని ఓడించదు. సింహానికి ప్రశాంతంగా తినే వీలు లేకుండా చేస్తాయి, అంతే. చివరికి సింహం విసిగి లేచిపోతుంది.

లెక్క కూడా ఉంది. బోట్స్‌వానాలోని సవూటిలో సూసన్ కూపర్ చేసిన అధ్యయనం 1991లో వచ్చింది. ఒక్కో ఆడసింహానికి సుమారు నాలుగు హైనాలు ఉంటే, పెద్ద మగసింహం దగ్గర్లో లేకపోతే, హైనాలు వేటను లాక్కోగలిగాయి. అక్కడి ఆడసింహాలు, కుర్రసింహాలు తమ ఆహారంలో దాదాపు 20 శాతం ఇలా పోగొట్టుకున్నాయి. మగసింహం ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. ఎన్ని హైనాలున్నా దూరంగానే నిలబడతాయి.

ఇక్కడిదాకా చెప్పగానే పిల్లలు "యూనిటీ ఈజ్ స్ట్రెంగ్త్ మేడమ్!" అంటారు. గోడ మీద పోస్టర్‌కు అది చాలు. పాఠానికి చాలదు. ఎందుకంటే అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పది హైనాలు సింహాన్ని తరిమాయనుకోండి. పక్కన పొద దగ్గర కూర్చుని చూసిన పదకొండో హైనా కూడా వచ్చి తినవచ్చు కదా? దానికి ఒక్క గీటూ పడలేదు. అలాంటప్పుడు ప్రతి హైనాకూ తెలివైన పని వెనక కూర్చోవడమే. అన్నీ అలాగే తెలివిగా ఆలోచిస్తే ముందుకు వెళ్లేది ఒక్కటీ ఉండదు. మీటింగ్‌లో మీరు అడిగే ప్రశ్న ఇదే.

దీనికి జవాబు వెతకాలంటే ఒక్కో హైనాను పేరుతో గుర్తుపట్టాలి, దాని తల్లి ఎవరో, అక్కాచెల్లెళ్లు ఎవరో, ఎవరితో ఎక్కువ తిరుగుతుందో ఏళ్ల తరబడి రాసుకోవాలి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన కే హోల్‌క్యాంప్ 1988 నుంచి మసాయి మారాలో చేయిస్తున్న పని అదే. ప్రతి హైనా ఒంటి మీద చుక్కల వరస వేరు, మన వేలిముద్రల్లాగా. ఆ చుక్కలను బట్టి పోల్చుకుంటూ, తరతరాల హైనాల జీవితాలను నోట్ చేశారు. ఆ నోట్సు నుంచి ట్రేసీ మాంట్‌గోమరీ, కెన్నా లేమన్, వారి సహచరులు తేల్చిన విషయాలు 2023లో ప్రచురితమయ్యాయి. నా మటుకు నాకు అందులో నాలుగు సంగతులు బాగా నచ్చాయి.

హైనాలు ఎప్పుడు తిరగబడతాయి? ఆకలి ఎక్కువగా ఉన్నప్పుడని మనం అనుకుంటాం. లెక్కల్లో తేలింది అది కాదు. ప్రమాదం తక్కువగా ఉన్నప్పుడు: అంటే మగసింహాలు లేనప్పుడు, తమ వైపు సంఖ్య ఎక్కువ ఉన్నప్పుడు. అవసరం ఎంత ఉందన్నదాని కంటే నష్టం ఎంతన్నదే నిర్ణయాన్ని బాగా నడిపించింది. మనం వీరత్వం అని పిలిచేదానికి వెనక ఇంత జాగ్రత్త ఉంది.

ఎవరు ముందుకు వస్తారు? అక్కడ దగ్గరి రక్తసంబంధీకులు ఉంటే వస్తారు. చుట్టాలు కాకపోయినా, ఎప్పటినుంచో కలిసి తిరుగుతున్న నేస్తాలు ఉంటే వస్తారు. సంబంధం ఎంత గట్టిదైతే రావడం అంత ఎక్కువ. సింహం ముందు నిలబడే ధైర్యం ఆ రోజు పుట్టింది కాదన్నమాట. అది అంతకుముందు నెలల్లో, సంవత్సరాల్లో పక్కపక్కన పడుకుని, కలిసి నడిచి, కలిసి తిని కూడబెట్టుకున్నది.

మూడోది అన్నిటికంటే ముచ్చటైనది. సింహం మీదికి వెళ్లే ముందు హైనాలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. రెండు హైనాలు ఎదురుబొదురు దిశల్లో పక్కపక్కన నిలబడి, కాలెత్తి, ఒకదాని వాసన ఒకటి చూసుకుంటాయి. ఒకదాని పళ్లకు మరొకటి పొట్టభాగం అందించే భంగిమ అది. నమ్మకం లేకపోతే కుదరని పలకరింపు. అలా అప్పటికప్పుడు పలకరించుకున్న హైనాలు ఆ తర్వాతి పోరాటంలో పాల్గొనే అవకాశం ఎక్కువని ఆ అధ్యయనం చూపించింది. మీలో చాలామందికి పొద్దున్నే పదిహేను నిమిషాల స్టాండప్ మీటింగ్ ఉంటుంది. "ఇది ఈమెయిల్‌లో పంపితే సరిపోయేది కదా" అని మీరు విసుక్కునే రోజులు ఉంటాయి. హైనాలకు ఈమెయిల్ లేదు కాబట్టి వాటిని అడగలేం. కానీ ముఖాముఖీ పలకరింపు పని మీద ప్రభావం చూపుతుందని వాటి లెక్కలైతే చెబుతున్నాయి.

ఇక మార్కుల సంగతి. సింహం వెళ్లిపోయాక ఎవరు తిన్నారు? పోరాటంలో దిగినవాటికి, దిగనివాటి కంటే, ఆ కళేబరం దగ్గర తినే అవకాశం ఎక్కువగా దక్కింది. మార్కులు ఐదుగురికీ ఒకటే కాదు! ఈ మాట చదివి కొందరు తల్లిదండ్రులు నాకు ఈ పేజీ చూపించడానికి వస్తారని తెలుసు. రండి, పరవాలేదు. మా గ్రూప్ ప్రాజెక్టుల్లో ఈ టర్మ్ నుంచి ప్రతి పిల్లా తాను చేసిన పనిని ఒక పేజీలో రాసి, గ్రూప్‌లోని మరొకరి చేత సంతకం పెట్టించుకోవాలి. కొంత భాగం మార్కులు దానికి ఉంటాయి. మిగతావి గ్రూప్‌కు.

అయితే హైనా సమాజాన్ని ఆదర్శంగా చూపించేంత అమాయకత్వం నాకు లేదు. అది చాలా కరుకైన సమాజం. ఒక గుంపులో 80కి పైగా హైనాలు ఉండొచ్చు. పెత్తనం ఆడవాళ్లది. ఆడ హైనాలే మగవాటికంటే పెద్దవి కూడా. రాణి బిడ్డ పుట్టుకతోనే రాణి తర్వాతి స్థానం అందుకుంటుంది. తక్కువ హోదా తల్లికి పుట్టిన పిల్ల ఎంత చురుకైనదైనా తిండి దగ్గర వెనకే నిలబడాలి. మగపిల్లలు పెద్దయ్యాక సాధారణంగా పుట్టిన గుంపు వదిలి, వేరే గుంపులో అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. మన "ఫెయిర్ చాన్స్" అనే మాట అక్కడ చెల్లదు. ఇంత గొడవలు పడే జంతువులు సింహం కనబడగానే ఒక్కటవడమే దీనిలో వింత. మామూలు రోజుల్లో అవి విడివిడిగా, చిన్నచిన్న జట్లుగా తిరుగుతాయి. అవసరమైతే ఒకటి "వూ...ప్" అని పిలుస్తుంది. ఆ పిలుపు ఐదు కిలోమీటర్ల దాకా వినిపించగలదు. పిలిచింది ఎవరో గొంతును బట్టి మిగతావి గుర్తుపడతాయి. నల్లగండ్ల నుంచి పిలిస్తే కొండాపూర్‌లో వినబడినట్టు అనుకోండి, మన హారన్లు లేకపోతే.

ధైర్యం గురించి ఇంకొక్క మాట. మన ఇళ్లలో "భయపడకు, ముందుకెళ్లు" అనే మాట చాలా తరచుగా వినబడుతుంది. మారాలోని హైనాల మీదే 2021లో వచ్చిన మరో అధ్యయనం నన్ను ఆలోచనలో పడేసింది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకిన హైనా పిల్లలు, సోకని పిల్లల కంటే సింహాలకు బాగా దగ్గరగా వెళ్లాయి. అలాంటివి సింహాల చేతిలో చావడం కూడా ఎక్కువే. బయట నుంచి చూస్తే ఆ పిల్ల కూడా "భయం లేనిది"లాగే కనిపిస్తుంది. కానీ దాని పక్కన ఎవరూ లేరు, వెనక్కి తగ్గాల్సిన క్షణం దానికి తెలియదు. ఆరోగ్యంగా ఉన్న హైనా సింహానికి భయపడుతుంది. భయపడుతూనే లెక్క వేసుకుని, నేస్తం పక్కన నిలబడి వెళ్తుంది.

వాటి సహకారం తెలివితో కూడినదేనా, ఊరికే స్వభావమా? క్రిస్టీన్ డ్రియా అమెరికాలో పెంపకంలో ఉన్న హైనాలకు ఒక పరీక్ష పెట్టింది. పైన ఒక అర, దాని నుంచి రెండు తాళ్లు. రెండింటినీ ఒకేసారి లాగితేనే తిండి కింద పడుతుంది. ఒక్కదాని వల్ల కాదు. ప్రత్యేకంగా నేర్పించకపోయినా హైనా జంటలు చాలా త్వరగా పట్టేశాయి. కొత్త జోడీ వచ్చినప్పుడు, అనుభవం ఉన్న హైనా తన పద్ధతి మార్చుకుని ఆ కొత్తదానికి అనుగుణంగా పనిచేసింది. 2009లో ఈ ఫలితాలు ప్రచురించారు. గ్రూప్‌లో వెనకబడిన పిల్లాణ్ణి ఎలా కలుపుకోవాలో మన టాపర్లకు నేర్పడానికి నేను వారాలు తీసుకుంటాను!

ఇదంతా ఆఫ్రికా కథ, మనకేం సంబంధం అంటారేమో. సంబంధం ఉంది, అదీ చాలా పాతది. ఇప్పటి నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహలున్నాయి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు అక్కడ తవ్వి, గుట్టలకొద్దీ జంతువుల ఎముకలు తీశారు. వాటిని పరిశీలించి రిచర్డ్ లిడెక్కర్ 1886లో ప్రచురించిన జాబితాలో చుక్కల హైనా కూడా ఉంది. సింహాల మీదికి గుంపుగా వెళ్లే జాతి ఒకప్పుడు మన రాయలసీమ రాళ్ల మధ్య తిరిగిందన్నమాట.

ఇప్పుడు మన దగ్గర మిగిలింది దాని బంధువు, చారల హైనా. దానికి తెలుగులో ఎంత చక్కని పేరుందో మీ పిల్లలకు చెప్పండి: దుమ్ములగొండి. ఇక్కడ దుమ్ము అంటే మట్టి కాదు, ఎముక. ఎముకల కోసం వచ్చేదని మన పెద్దలు పెట్టిన పేరు. దక్కన్ రాతిగుట్టలు, పొదలే దాని ఇల్లు. ఇది గుంపు కట్టదు. రాత్రిపూట ఒంటరిగా తిరిగి, చచ్చిన పశువుల కళేబరాలు తిని, ఊళ్ల చుట్టుపక్కల శుభ్రం చేస్తుంది. ఒకే కుటుంబంలో ఒక చెల్లెలు పెద్ద ఉమ్మడి కుటుంబం, మరో చెల్లెలు ఒంటరి. దేనికి ఏది తిండో, ఎంత తిండో, ఎవరితో పోటీయో అదే ఈ తేడాను చాలావరకు నిర్ణయిస్తుంది. ఒక చిత్రమైన ఉదంతం కూడా ఉంది: ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఒక చారల హైనా తోడేళ్ల గుంపుతో కలిసి తిరగడాన్ని శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అంత కరువు ప్రాంతంలో ఒంటరిది కూడా జట్టు వెతుక్కుంది.

మన అడవుల్లో సింహం లేదు. చరిత్రలో కూడా ఆసియా సింహం నర్మద దాకానే వచ్చింది. ఇక్కడ పెద్ద మృగం పులి, దాని ముందు జట్టు కట్టి నిలిచేది రేచుకుక్క. కవ్వాల్, అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం, శేషాచలం అడవుల్లో ఉంటుంది. ఎర్రటి ఒళ్లు, నల్లటి కుచ్చుతోక. బరువు 12 నుంచి 20 కిలోలు మాత్రమే, అంటే మన ఆరో తరగతి పిల్లల కంటే తక్కువ. అరవడానికి బదులు ఈలలు వేసుకుంటూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. చిరుతను చెట్టెక్కించిన సందర్భాలు మన దేశపు అడవుల్లో ఉన్నాయి. పులితో మాత్రం చాలావరకు తప్పుకునే తిరుగుతాయి. పులి ఎక్కువగా రాత్రి, రేచుకుక్క పగలు. పంజా దెబ్బ ఒక్కటి చాలు కదా. హైనాలకు లేని మంచి గుణం వీటికొకటుంది: వేట దొరికితే పిల్లలను ముందు తిననిస్తాయి. పెద్దవి కాపలా కాస్తాయి.

ఇంత మంచి జట్టు ఆటగాళ్లకు మన మనుషులు ఇచ్చిన బిరుదు "క్రూర జంతువు". బ్రిటిష్ కాలం నుంచి రేచుకుక్కను చంపి తెచ్చినవారికి ప్రభుత్వం బహుమతి డబ్బులు ఇచ్చేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా అది సాగింది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద పెద్ద రేచుకుక్కలు 2,500 లోపే ఉంటాయని అంచనా. జట్టుగా బతికే జంతువుకు ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. పది ఉన్న గుంపులో ఆరింటిని చంపితే మిగిలిన నాలుగు వేటాడలేవు, పిల్లలను కాపాడుకోలేవు. దుమ్ములగొండిదీ అలాంటి కథే. మేకలు పోతాయన్న కోపంతో విషం పెట్టిన కళేబరాలకు, రాత్రిళ్లు హైవేల మీద బండ్లకు బలవుతోంది. "విలన్" అన్న మాట ఒక జంతువు మీద పడితే, దాన్ని చంపడం ఎవరికీ తప్పుగా అనిపించదు. క్లాసులో గట్టిగా నవ్వే పిల్లకు "హైనా" అని పేరు పెట్టినప్పుడు నేను వెంటనే ఆపేది అందుకే. ఆపాక, కావాలంటే ఆ పేరును బిరుదుగా తీసుకోమని ఆ పిల్లకు చెబుతాను. ఇప్పుడు మా క్లాసులో ఇద్దరు అలా తీసుకున్నారు.

దసరా సెలవుల్లో బహదూర్‌పురాలోని నెహ్రూ జూ పార్కుకు వెళ్లే ఆలోచన ఉంటే, పొద్దున్నే గేటు తీసే వేళకు వెళ్లండి. సోమవారం సెలవు. చారల హైనా రాత్రి జీవి కాబట్టి ఎండ ముదిరితే ముడుచుకుని పడుకుంటుంది. ముందు కాళ్లు పొడుగ్గా, వెనక కాళ్లు పొట్టిగా, వీపు వాలుగా ఎందుకుందో పిల్లలను చూడమనండి. మెడ దగ్గర జూలు లేచిందా లేదా గమనించమనండి, అది భయపడినప్పుడు లేస్తుంది. ఒక పేజీ రాసి, బొమ్మ గీసి తెస్తే నోటీస్ బోర్డు మీద పెడతాను. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి ఒకే పేజీ తెచ్చినా తీసుకుంటాను. ఎవరు ఏం చూశారో మాత్రం అడుగున రాయాలి.